స్లాపీ జోలో గరం మసాలా దేనికి?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ వంట గ్రూపుల్లో ఎవరైనా "గ్రౌండ్ టర్కీ (ఖైమా కొట్టిన టర్కీ కోడి మాంసం) తెచ్చాను, ఏం చేసుకోవచ్చు?" అని అడిగితే పది నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది. కీమా చేసెయ్యండి. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ధనియాల పొడి, దించే ముందు గరం మసాలా, కొత్తిమీర. ఒకరు పచ్చి బఠానీ వెయ్యమంటారు. ఇంకొకరు "నీచు వాసన పోవాలంటే మసాలా రెట్టింపు వెయ్యాలి" అని రహస్యం విప్పినట్టు చెబుతారు. స్లాపీ జో అనే ఇక్కడి శాండ్‌విచ్ మాట ఎత్తారో, "అదేముంది, కీమా పావే కదా, కాకపోతే చప్పగా ఉంటుంది" అని తేల్చేస్తారు.

ఆ తేల్చెయ్యడంతోనే నాకు పేచీ. గ్రౌండ్ టర్కీ కీమాకి నప్పే మాంసం కాదు. స్లాపీ జోకి మాత్రం బాగా నప్పుతుంది. గొడ్డుమాంసం తినం కాబట్టి ఏదో సర్దుకుంటున్నాం అనుకోనక్కర్లేదు, తెలిసి వండితే ఇది దాని పాటికది మంచి వంట. సాయంత్రం ఆఫీసు పని ముగించి, పిల్లని ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి తిప్పి, ఏడున్నరకల్లా అందరికీ కంచాలు పెట్టాలంటే మా ఇంట్లో ఇంతకన్నా నమ్మకమైన వంట లేదు. దీన్ని మన వంటగా మార్చుకుంటే తప్ప తినలేం అన్న మాట కూడా నేను ఒప్పుకోను.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ముందుగా స్లాపీ జో అంటే ఏంటో చెబుతాను. ఖైమా కొట్టిన మాంసాన్ని ఉల్లిపాయతో, కాప్సికంతో వేయించి, టమాటా సాసు, ఆవాల సాసు, కాస్త వెనిగర్‌తో దగ్గరపడేదాకా ఉడికించి, గుండ్రటి బన్ను మధ్యలో గరిటెతో వేసి ఇస్తారు. పట్టుకుని కొరికితే సగం కంచంలో పడుతుంది. పడినదాన్ని ఫోర్కుతో తినడం కూడా భోజనంలో భాగమే. ఇక్కడి స్కూలు క్యాంటీన్లలో ఇది ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. అందుకే నడివయసు అమెరికన్ల దగ్గర ఈ పేరెత్తితే వాళ్ళకి ముందు గుర్తొచ్చేది రుచి కాదు, గళ్ళు గళ్ళుగా ఉండే స్కూలు ట్రే.

మేముండేది అయోవాలో, డిమోయిన్ శివార్లలో. మనుషులకంటే పందులు ఎక్కువున్న రాష్ట్రం ఇది. ఇన్సూరెన్స్ కంపెనీల పుణ్యాన మన సాఫ్ట్‌వేర్ వాళ్ళూ బాగానే ఉన్నారు. మ్యాడ్రిడ్ అనే పల్లె దగ్గర పొలాల మధ్య మన గుడి కూడా ఉంది. ఈ రాష్ట్రానికీ బన్నులో పొడిగా రాలిపోయే మాంసానికీ పాత చుట్టరికం. మిసిసిపీ నది ఒడ్డున మస్కటీన్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు నదిలో ఆల్చిప్పలు ఏరి చొక్కా గుండీలు చేసి దేశమంతా అమ్మిన ఊరు. అక్కడ మాంసం కొట్టు నడిపే ఫ్రెడ్ ఏంజెల్ అనే ఆయన 1926లో మెయిడ్ రైట్ మొదలుపెట్టాడు. మాంసాన్ని బిళ్ళలా అదమకుండా, పొడిపొడిగా ఉడికించి, బన్నులో పోసి, చెంచాతో సహా ఇచ్చే హోటల్. రాష్ట్రం ఆ చివర సూ సిటీలో ఇలాంటిదాన్నే టావెర్న్ అంటారు, ముందు మాదంటే మాదని వాళ్ళూ అంటారు. మెయిడ్ రైట్‌లో సాసు ఉండదు. దానికి టమాటా సాసు తోడైతే స్లాపీ జో. ఆ పేరులో ఉన్న జో ఎవరన్నదానికి హవానా బారు నుంచి కీ వెస్ట్ బారు దాకా రకరకాల కథలున్నాయి. నాకు వాటిమీద ఆసక్తి లేదు.

ఒక హెచ్చరిక మాత్రం న్యూజెర్సీ వాళ్ళకి. అక్కడ కొన్ని డెలీల్లో (శాండ్‌విచ్‌లు అమ్మే కొట్లలో) స్లాపీ జో అడిగితే మూడు వరసల రై బ్రెడ్డు మధ్య చల్లటి మాంసం ముక్కలు, కోల్‌స్లా, రష్యన్ డ్రెస్సింగ్ పెట్టి ఇస్తారు. దానికీ దీనికీ పేరు తప్ప పొత్తు లేదు.

ఇక టర్కీ సంగతి. "స్లాపీ జో అంటే బీఫే, టర్కీతో చేస్తే డైటింగ్ తిండి" అని ఇక్కడి వాళ్ళు పెదవి విరుస్తారు. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఈ మాట అంటే అచ్చంగా ఇలాగే విరిచాడు. సరే, లెక్క చూద్దాం. మెయిడ్ రైట్ పుట్టిన మస్కటీన్ కౌంటీలోనే వెస్ట్ లిబర్టీ అనే చిన్న ఊళ్ళో పెద్ద టర్కీ ప్లాంటు ఉంది. 1996లో అది మూతపడబోతోందని తెలిసి చుట్టుపక్కల టర్కీలు పెంచే రైతులు సహకార సంఘంగా ఏర్పడి దాన్ని కొనుక్కుని నిలబెట్టుకున్నారు. అంటే ఈ శాండ్‌విచ్ పుట్టిన నేలమీద టర్కీ బయటినుంచి వచ్చిన చుట్టమేమీ కాదు. పైగా ఈ వంట పుట్టిందే ఉన్న కాస్త మాంసాన్ని సాసుతో, ఉల్లిపాయతో సాగదీసి నలుగురికి సరిపెట్టడానికి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1943లో, అమెరికాలో మాంసానికి రేషన్ కూపన్లు పెట్టినప్పుడు ఇంటింటా నడిచిన తర్కం ఇదే. ఖరీదైన మాంసాన్ని గొప్పగా చూపించే వంటకాల్లో ఇదెప్పుడూ లేదు. ఏ మాంసం చేతికొస్తే దాన్ని తినబుద్ధయ్యేలా చెయ్యడమే దీని పని.

మా ఇంట్లోకి ఇది వచ్చింది స్కూలు దారిలోనే. మేం బీఫ్ కొనం. కొనేవాళ్ళతో నాకేం పేచీ లేదు, మాకు అలవాటు లేదు, అంతే. స్కూలు మెనూలో స్లాపీ జో ఉన్న రోజు మా అమ్మాయికి ఇంటినుంచి డబ్బా కట్టేవాళ్ళం. బల్లమీద చుట్టూ ఉన్న పిల్లలంతా మూతులకి ఎర్రగా పూసుకుని తింటుంటే తను పులిహోర తినేది. పులిహోర అంటే ప్రాణమే, కానీ ఆ బల్ల దగ్గర తనకి అదే కావాలి. "నాన్నా, మనింట్లో అది చెయ్యొచ్చా? మనం తినే చికెన్ లాంటిదేదైనా పెట్టి?" అని అడిగింది. మేక కీమా కావాలంటే హలాల్ కొట్టుకి శనాదివారాల్లో వెళ్ళి తేవాలి. లాంబ్ ధర వారం మధ్యలో వండుకునే ధర కాదు. హైవీ అనే ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో చికెన్ పక్కనే పౌను ప్యాకెట్లలో ఎప్పుడూ ఉండేది గ్రౌండ్ టర్కీ.

ఇప్పుడు కీమా వాదుల దగ్గరికి వద్దాం. మేకమాంసానికి తనదైన గట్టి రుచి ఉంటుంది. ఎంత మసాలా దట్టించినా దాని కింద మాంసం రుచి నిలబడే ఉంటుంది. ఆ రెండూ నూనె తేలేదాకా కలిసి వేగితేనే కీమా. టర్కీకి ఆ గట్టితనం లేదు. గరం మసాలా వేస్తే గరం మసాలా రుచే వస్తుంది, లవంగం ముందు నడుస్తుంది, మాంసం ఎక్కడో వెనకాల ఉండిపోతుంది. నూనె తేలాలని వేయిస్తూ పోతే దాన్లో తేలడానికి కొవ్వు లేదు. మామూలుగా దొరికే 93 శాతం ప్యాకెట్‌లో (అంటే అంత శాతం కొవ్వు లేని మాంసం) నాలుగు ఔన్సులకి కొవ్వు సుమారు 8 గ్రాములు. అదే ఇక్కడ మామూలుగా వాడే 80 శాతం బీఫ్‌లో 23 గ్రాముల దాకా ఉంటుంది. అంత తక్కువ కొవ్వున్న మాంసాన్ని కీమాలా అరగంట వేయిస్తే ఇసకలా పలుకు పలుకుగా తయారవుతుంది. తినేవాళ్ళు నీళ్ళ గ్లాసు వెతుక్కుంటారు. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో చెంచా మసాలా, ఇంకాస్త నూనె. గ్రూపుల్లో "టర్కీ కీమా చేశాను, మావాళ్ళు తినలేదు" అన్న ఫిర్యాదు ఎందుకొస్తుందంటే ఇందుకు.

స్లాపీ జోలో కొలతలు వేరు. రుచి మోసేది సాసు. మాంసం నుంచి అది అడిగేవి రెండే: ఎర్రగా వేగిన అంచులు, ఎండిపోని మెత్తదనం. ఆ రెండూ టర్కీ దగ్గర రాబట్టొచ్చు. కాకపోతే బీఫ్‌కి రాసిన పద్ధతిలో రావు, అమెరికన్లు పెదవి విరవడానికి కారణం కూడా అక్కడే ఉంది. వాళ్ళు బీఫ్ తీసేసి ఆ స్థానంలో టర్కీ పెట్టి మిగతాదంతా అలాగే చేస్తారు. ఫలితం బూడిదరంగులో ఉడికిపోయిన మాంసం.

అలా ఎందుకవుతుందంటే, ప్యాకెట్ విప్పి టర్కీని పాన్‌లో వేసి వెంటనే గరిటెతో కెలకడం మొదలుపెడతాం. అది వేడెక్కేకొద్దీ నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు ఇగిరేదాకా పాన్ వేడి నూరు డిగ్రీల సెల్సియస్ దాటదు. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే అంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. నీళ్ళు ఇగిరేలోపు మాంసం ఉడికి గట్టిపడి కూర్చుంటుంది.

దీనికి మందు తినే సోడా. పౌను టర్కీకి పావు టీస్పూను సోడా, ఒక పెద్ద చెంచా నీళ్ళలో కలిపి, మాంసానికి పట్టించి ఓ పావుగంట పక్కన పెడతాను. ఆలోపు ఉల్లిపాయ, కాప్సికం తరుక్కోవచ్చు. సోడా క్షారం కాబట్టి మాంసంలో ప్రోటీన్లు అంతగా బిగుసుకోవు, నీళ్ళు తక్కువ వదులుతాయి, పైగా త్వరగా ఎర్రబడుతుంది. పావు టీస్పూనంటే పావే. చెయ్యి జారితే సబ్బు రుచి వస్తుంది.

తర్వాత వెడల్పాటి పాన్. ఇక్కడ బద్ధకం పనికిరాదు, చిన్న పాన్‌లో కుక్కితే మళ్ళీ ఉడుకుతుంది. మాది ఇనప పాన్. బాగా కాగాక రెండు పెద్ద చెంచాల నూనె పోసి, మాంసాన్ని ముద్దగా వేసి, గరిటెతో అట్టులా పరిచేస్తాను. ఇక ముట్టుకోను. ముందు తడి చప్పుడు వస్తుంది, కుంయ్‌మంటూ ఆవిరి లేస్తుంది. నాలుగైదు నిమిషాలకి ఆ చప్పుడు మారి చిటపటలాడుతుంది, అంచుల్లో నూనె బుడగలు కనిపిస్తాయి. ఒక మూల గరిటె పెట్టి ఎత్తి చూస్తే కింద దోసె రంగు తిరిగి ఉంటుంది. అప్పుడు పెద్ద పెద్ద ముక్కలుగా తిరగేసి, ఇంకో రెండు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత చిదుముతాను. పూర్తిగా పొడి చెయ్యను. బఠానీ గింజంత పలుకులు ఉంటేనే నోటికి తగులుతాయి. పాన్ అడుగున గోధుమరంగులో అంటుకున్నదాన్ని మాడిందని తోమి పారెయ్యకండి, అసలు సరుకు అదే.

ఏ ప్యాకెట్ కొనాలన్నది కూడా చెప్పాలి. 99 శాతం అని రాసి ఉన్నది ఉత్త రొమ్ముమాంసం, ఈ పనికి వద్దు. ఎంత నైపుణ్యమున్నా అది ఎండుతుంది. ఉత్త "గ్రౌండ్ టర్కీ" అని ఉన్నవాటిలో తొడ మాంసం, తోలు, కొవ్వు కూడా కలుస్తాయి. 85 శాతం దొరికితే అదే తెస్తాను, లేదంటే 93. పచ్చిది తెచ్చాక ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకూడదు, ఉంచాలంటే ఫ్రీజర్‌లో పడెయ్యాలి. కోడిజాతి మాంసం ఏదైనా లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. పొడిపొడి మాంసంలో థర్మామీటర్ గుచ్చి చూడటం కుదిరే పని కాదు. ఎలాగూ వేగాక సాసులో పది నిమిషాలు కుతకుతా ఉడుకుతుంది కాబట్టి దానిగురించి టెన్షన్ పడక్కర్లేదు.

సాసు దగ్గరికొచ్చేసరికి నేను డబ్బా వాళ్ళతో గొడవపడతాను. 1969లో హంట్స్ వాళ్ళు మ్యాన్‌విచ్ అనే డబ్బా సాసు తెచ్చారు. మాంసం వేయించి డబ్బా ఒంపేస్తే భోజనం తయారు. స్లాపీ జోని ఇంటింటికీ చేర్చిన ఘనత దానికి ఇవ్వాల్సిందే, అలసిపోయిన రోజు అది వాడేవాళ్ళని నేనేమీ అనను. కానీ డబ్బా రుచికి అలవాటుపడి, ఇంట్లో చేసినా అంత తియ్యగానే ఉండాలనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కు. ఇంటర్నెట్‌లో చాలా రెసిపీలు అరకప్పు కెచప్ పోసి, మీద రెండు చెంచాల బ్రౌన్ షుగర్ వెయ్యమంటాయి. హైంజ్ సీసా వెనక చూడండి: ఒక్క పెద్ద చెంచా కెచప్‌లో 4 గ్రాముల చక్కెర. అరకప్పంటే ఎనిమిది చెంచాలు, 32 గ్రాములు. దానిమీద మళ్ళీ చక్కెరా? బీఫ్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి ఆ తీపి కొంత అణుగుతుంది. టర్కీలో అణిచేది ఏదీ లేదు, పాకంలో వేసినట్టే ఉంటుంది. ఇదే మాంసాన్ని "చప్పటిది" అని తిట్టేవాళ్ళు చాలామంది నిజానికి తిడుతున్నది తీపిని.

నేను చేసేది ఇలా. మాంసాన్ని ఒక పక్కకి నెట్టి, ఆ నూనెలోనే ఒక మోస్తరు ఉల్లిపాయ, సగం కాప్సికం సన్నగా తరిగినవి, రెండు వెల్లుల్లి రెబ్బలు వేయిస్తాను. అవి మెత్తబడ్డాక రెండు పెద్ద చెంచాల టమాటా పేస్టు వేసి, ఎరుపు తగ్గి ఇటుక రంగుకి తిరిగేదాకా వేయించాలి. పచ్చి వాసన పోయేది అక్కడే, దీన్ని తొందరపడి దాటెయ్యకూడదు. ఆపైన చక్కెర కలపని టమాటా సాసు చిన్న డబ్బా ఒకటి, కెచప్ పావుకప్పు, వూస్టర్‌షైర్ సాసు ఒక పెద్ద చెంచా, పసుపు రంగు మస్టర్డ్ ఒక టీస్పూను, మిరియాల పొడి, కాసిని నీళ్ళు. అడుగున అంటుకున్నదంతా ఆ నీళ్ళతో గీకి కలిపి, మంట తగ్గించి పది పన్నెండు నిమిషాలు. గరిటెతో పాన్ మధ్యలో గీత గీస్తే అది ఒక క్షణం నిలిచి మెల్లగా పూడాలి. వెంటనే పూడితే బన్ను తడిసిపోతుంది, అసలు పూడకపోతే ఇంకో చెంచా నీళ్ళు పొయ్యాలి. దించాక చెంచా వెనిగర్, రుచి చూసి ఉప్పు.

ఇందులో వూస్టర్‌షైర్ సాసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పోయినేడు అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మాతో కొన్నాళ్ళుంది. మా ఆవిడకి ఆసుపత్రి ల్యాబ్‌లో సాయంత్రం షిఫ్టులు, వారం మధ్యలో వంట నాది. ఆ సంగతి అమ్మకి ముందే తెలుసు కాబట్టి దానికేం అనలేదు. బన్నులు చూసి మాత్రం ఆగలేకపోయింది.

"ఏంట్రా, కుక్కర్ పెట్టలేదా?"

"ఈ పూటకి ఇదేనమ్మా."

"బన్నంటే టిఫిన్ అవుద్ది గానీ భోజనమెట్టా అవుద్దిరా? పిల్ల కడుపు నిండొద్దూ?"

"నానమ్మా, నేను రెండు తింటా," అంది మా అమ్మాయి నోట్లో పెట్టుకునే.

అమ్మకి షుగర్. సగం బన్నుమీద కూర పరిచి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టి ఇచ్చాను. ఒక ముద్ద తిని ఆగింది. మళ్ళీ ఇంకొంచెం ఫోర్కుతో కాకుండా వేళ్ళతో తీసుకుని నాలికమీద పెట్టుకుంది. "ఈ పులుపు టమాటాది కాదే. చింతపండేశావా?"

నేను వెయ్యలేదు. కానీ సీసా తెచ్చి వెనక చూపించాను. లీ అండ్ పెర్రిన్స్ వాళ్ళు 1837 నుంచి అమ్ముతున్న సాసు అది. అందులో వెనిగర్, మొలాసిస్, ఆంకోవీ చేపలు, ఉల్లి, వెల్లుల్లి, లవంగాలు, మిరప సారం, వాటితోపాటు చింతపండు సారం. చేప సంగతి ఆమెకి చెప్పాను, చేప తింటుంది కాబట్టి ఇబ్బంది లేదు. శాకాహారులు ఎవరైనా ఈ సాసుని వేరే వంటల్లో వాడేటప్పుడు సీసా వెనక చదువుకోవాలి. నా వాదనకి మాత్రం ఆ జాబితా చాలు. లవంగం ఉంది, వెల్లుల్లి ఉంది, మిరప ఉంది, పులుపుంది. మసాలా వెయ్యలేదని ఎవరన్నారు? పడాల్సినంత పడింది. దానిమీద గరం మసాలా గుమ్మరించడం ఉప్పేసిన కూరలో మళ్ళీ ఉప్పెయ్యడమే.

వూస్టర్‌షైర్ ఇంట్లో లేకపోతే ఒక టీస్పూను చిక్కటి చింతపండు గుజ్జు, రెండు టీస్పూన్ల సోయా సాసు వేస్తే చాలావరకు పని జరుగుతుంది. దీన్ని నేను మార్పు అనుకోను, ఆ సీసాలో ఉన్న పనే వేరే దారిలో చెయ్యడం.

కారం సంగతేంటని అడుగుతారు. ఒంగోలు వాణ్ణి, కారం వద్దని నేనెందుకంటాను? సాసు లోపల వద్దంటున్నాను. పులుపూ తీపీ టమాటా ఒక కొలతలో నిలబడి ఉన్నాయి. అందులో రెండు చెంచాల పచ్చికారం పడితే కొలత తప్పి, ఆ తీపి వెకిలిగా తెలుస్తుంది. ఊరేసిన హాలపీన్యో మిరపకాయ ముక్కలు బన్ను పైన పెట్టుకోండి, టబాస్కో కారం సాసు చల్లుకోండి. చల్లటి పుల్లటి ముక్క పంటికింద పడి కారం తగిలితే బాగుంటుంది. అమ్మ రెండోసారి మాగాయ ముక్క వేసుకుని తింది, నాకూ నచ్చింది. అది కంచంలో జరిగిన పని, పాన్‌లో కాదు. ఎవరి కంచం వాళ్ళిష్టం.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: ఇంత కష్టం దేనికి, అదే టైములో కీమా అయిపోతుంది కదా అని. అవుతుంది, కానీ కీమా ఒక్కటే భోజనం కాదు. దానికి అన్నమో చపాతీయో కావాలి, చారో పెరుగుపచ్చడో కావాలి. అన్నం సంగతి కుక్కర్ చూసుకుంటుందనుకున్నా, చపాతీ అంటే పిండి కలపాలి, ఒత్తాలి, కాల్చాలి. డిసెంబర్‌లో ఇక్కడ అయిదింటికే చీకటి పడుతుంది. స్విమ్మింగ్ నుంచి తడి జుట్టుతో వచ్చిన పిల్లని మంచులో కారెక్కించి ఇంటికి తెచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. ఆ వేళ ఒక పాన్, ఒక కత్తి, ఒక పలక, నలభై నిమిషాలలోపు పని. క్యాబేజీ తరిగి వెనిగర్, ఉప్పు, కాస్త మయోనైజ్ కలిపితే పక్కకి కోల్‌స్లా. దానికి కూడా ఓపిక లేకపోతే సీసాలో దోసకాయ పికిల్ ముక్కలు. ఇంతే భోజనం. దీన్ని టిఫిన్ అన్నా నాకు అభ్యంతరం లేదు, రాత్రి పది దాకా ఎవరికీ మళ్ళీ ఆకలెయ్యదు.

మనకున్న అసలు ఇబ్బంది టైము కాదు, వారాలు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి. శుక్రవారం అమ్మవారికని మా ఆవిడ తినదు. ఆదివారం ఎవరో ఒకరింట్లో బిర్యానీ. లెక్క తీస్తే నీచు వండే పనిదినం ఒక్క బుధవారం. అందుకని మా ఇంట్లో స్లాపీ జోకి బుధవారం రిజర్వు అయిపోయింది. కార్తీక మాసంలో అదీ ఉండదు. ఆ నెలలో మా అమ్మాయి మసూర్ పప్పుతో చెయ్యమంటుంది. చేశాను కూడా, బాగానే ఉంటుంది, వూస్టర్‌షైర్ బదులు చింతపండు పడుతుంది. కానీ దాన్ని స్లాపీ జో అనడానికి నాకు మనసొప్పదు. పాన్ అడుగున గోధుమరంగు లేని స్లాపీ జో పప్పుకూరే. నా మొండితనం అనుకోండి.

బన్ను గురించి చెప్పి ఆపుతాను, ఎందుకంటే ఎంత బాగా వండినా బన్ను దగ్గర పాడుచేసేవాళ్ళని చూశాను. ప్యాకెట్‌లోంచి తీసిన బన్నులో వేడి కూర వెయ్యకండి. రెండుగా కోసి, లోపలి వైపు పల్చగా వెన్న రాసి, అదే పొయ్యిమీద పెనంలో బోర్లించి రంగొచ్చేదాకా కాల్చాలి. ఆ కాలిన పొర సాసుని కాసేపు ఆపుతుంది. పొటాటో రోల్స్ అని అమ్మేవి మెత్తగా ఉండి త్వరగా చిరగవు, నాకు అవే ఇష్టం. షుగర్ ఉన్నవాళ్ళకి గోధుమ బన్ను సగం చాలు, కూర కాస్త ఎక్కువ వేసుకోవచ్చు. పౌను మాంసానికి నాలుగైదు బన్నులు నిండుతాయి. మిగిలిన కూర ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది, మర్నాటికి రుచి ఇంకా కుదురుతుంది, ఫ్రీజర్‌లోనూ పెట్టుకోవచ్చు. స్కూలు డబ్బాలో మాత్రం కూర వేరే, బన్ను వేరే పంపాలి. కలిపి పెడితే మధ్యాహ్నానికి బన్ను నానిపోయి చెంచాతో తినాల్సి వస్తుంది. మా అమ్మాయి కలిపే పెట్టమంటుంది, తనకి అలా నానితేనే ఇష్టమట.